వికలాంగులకి ప్రైవేటు ఉద్యోగం ఎలా? కాగితాల దగ్గర్నుంచి మొదటి మూడు నెలల దాకా

హైదరాబాద్ లో వికలాంగులకి ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగాల్లో పెట్టించే ఒక ఎన్జీవోలో నేను కొన్నేళ్ళు మొబిలైజర్ గా చేశాను. మొబిలైజర్ అంటే బైక్ మీద ఊళ్ళు తిరగడం, సర్పంచినో ఆశా వర్కర్ నో అడిగి ఎవరింట్లో చదువుకున్న వికలాంగ పిల్లలు ఉన్నారో కనుక్కోవడం, వాళ్ళింటికెళ్ళి కూర్చుని మాట్లాడి సెంటర్ దాకా తీసుకురావడం. ఇప్పటికీ తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటారు, మా తమ్ముడికి పోలియో అన్నా ఏదన్నా చూడవా, మా అమ్మాయికి వినపడదు డిగ్రీ అయిపోయింది ఇంట్లోనే ఉంటోంది ఏం చెయ్యాలి అని. అందరికీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నా. ఒక్కటి ముందే చెప్తా, ఉద్యోగం దొరకడం కంటే మొదటి మూడు నెలలు అందులో నిలబడటమే కష్టం, అందుకే కింద రాసిన ప్రతి పనీ ఆ మూడు నెలల్ని మనసులో పెట్టుకునే చెయ్యండి.

మొదటి పని, కాగితాలు

ఇది బోర్ గా అనిపిస్తది గానీ సగం మంది ఇక్కడే ఆగిపోతారు.

యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకింటికి వెళ్తే ఆ తల్లి బీరువా మీద నుంచి బట్టల షాపు కవర్ ఒకటి దించి మంచం మీద కుమ్మరించింది. సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వం ఇచ్చే వికలాంగ సర్టిఫికెట్, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో ఇంటిపేరు ముందు ఉంది, ఆధార్ లో వెనక ఉంది, టెన్త్ మెమోలో ఇంటిపేరే లేదు, ఉత్త ఒక అక్షరం. పుట్టినతేదీ ఆధార్ లో జనవరి 1, మెమోలో ఆగస్టు. ఆ రోజు నేను కూడా పెద్దగా పట్టించుకోలేదు, తర్వాత చూద్దాంలే అనుకున్నా. ఆ అబ్బాయి ట్రైనింగ్ అయ్యి ఉద్యోగం వచ్చి జాయినింగ్ రోజున పీఎఫ్ నంబర్ దగ్గర మొత్తం ఆగింది, పేరు కలవదు, తేదీ కలవదు, అది సరి చేయించుకుని వచ్చేలోపు ఆ సీట్లో వేరేవాళ్ళు కూర్చున్నారు. అప్పట్నుంచి నేను ఎవరింటికెళ్ళినా ముందు అడిగేది ఆ కవరే.

కాబట్టి ఇవాళే టెన్త్ మెమో, ఆధార్, వికలాంగ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే టెన్త్ మెమోని పట్టుకునే మిగతావి మార్పించుకోండి. ఆధార్ కి ఇప్పుడు వాడే ఫోన్ నంబర్ లింక్ అయి ఉండాలి, ఎప్పుడో చచ్చిపోయిన సిమ్ కాదు, ఎందుకంటే ప్రతిదానికీ ఓటీపీ దానికే వస్తది. పాన్ కార్డ్, వాళ్ళ సొంత పేరు మీద బ్యాంకు అకౌంట్ కూడా ఉండాలి. నాన్న అకౌంట్ లో జీతం వెయ్యండి అంటే కంపెనీ ఒప్పుకోదు, ఒప్పుకున్నా మీరు ఆ పని చెయ్యకండి.

ఇక వికలాంగ సర్టిఫికెట్ సంగతి. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల నుంచీ సదరం ఉంది, ఇప్పుడు ఎక్కడ చూసినా యూడీఐడీ కార్డే, అంటే కేంద్రం ఇచ్చే వికలాంగ గుర్తింపు కార్డే అడుగుతున్నారు. అది దేశం మొత్తం చెల్లుతుంది, బెంగళూరులో ఉద్యోగం వచ్చినా అదే కార్డు. స్వావలంబన్ కార్డ్ సైట్ లో అప్లై చెయ్యాలి, సొంతంగా రాకపోతే మీసేవలోనో, ఆంధ్రాలో ఐతే గ్రామ, వార్డు సచివాలయంలోనో చేయించుకోండి, తర్వాత ఆసుపత్రిలో డాక్టర్లు చూసి శాతం వేస్తారు. కార్డు మీద రంగు గీత ఉంటుంది, 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆ పైన నీలం. ప్రభుత్వ రిజర్వేషన్లకీ చాలా పథకాలకీ కనీసం 40 శాతం ఉండాలి. ప్రైవేటు ఉద్యోగానికి అలాంటి గీటు చట్టంలో లేదు గానీ ఎన్జీవో ట్రైనింగుల్లో చాలావాటికి 40 అడుగుతారు.

ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక వైకల్యాల లిస్టు ఏడు నుంచి 21కి పెరిగింది. యాసిడ్ దాడి బాధితులు, పార్కిన్సన్స్, తలసేమియా, సికిల్ సెల్, లెర్నింగ్ డిజెబిలిటీ ఇవన్నీ ఇప్పుడు అందులో ఉన్నాయి. మా వాడిది వికలాంగం కిందకి రాదులే అని మీరే తీర్మానించేసుకోకండి, ఒకసారి చూపించండి.

రెండో పని, ఆ మనిషితో కూర్చుని మాట్లాడటం

నేను వెళ్ళిన చాలా ఇళ్ళల్లో అమ్మ మాట్లాడుద్ది, నాన్న మాట్లాడతాడు, పక్కింటాయన కూడా మాట్లాడతాడు, ఉద్యోగం చెయ్యాల్సిన అమ్మాయి మాత్రం తలుపు పక్కన నిలబడి చూస్తుంటుంది. వినపడని పిల్లలైతే మరీను, వాళ్ళ గురించి వాళ్ళ ముందే పదిమందీ మాట్లాడుకుంటారు, ఒక్కళ్ళూ వాళ్ళ వైపు తిరిగి ఏందమ్మా నువ్వేమంటావ్ అని అడగరు. ముందు మీరు అడగండి. కాగితం మీద రాసి అడగండి, ఫోన్ లో బొమ్మలు చూపించి అడగండి, షాపులో పని చేస్తావా, కంప్యూటర్ ముందు కూర్చుంటావా, ఊరు దాటి హాస్టల్ లో ఉండగలవా అని. ఇంట్లోవాళ్ళ బలవంతం మీద వచ్చినవాళ్ళు నెల తిరక్కుండా వెళ్ళిపోవడం నేను చాలాసార్లు చూశాను.

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎక్కడికెళ్ళినా ఒకటే, "సారూ, పింఛను పోతదా?" ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యకండి, తెలంగాణలో నెలకి 4,016, ఆంధ్రాలో 6,000, చాలా ఇళ్ళల్లో నెల మొత్తంలో ఖాయంగా వచ్చే డబ్బు అదొక్కటే. పింఛను రూల్స్ లో కుటుంబ ఆదాయం చూస్తారు, అందుకని జాయిన్ కాకముందే తెలంగాణలో ఐతే ఎంపీడీవో ఆఫీసుకి, ఆంధ్రాలో ఐతే సచివాలయానికి వెళ్ళి మీ ఇంటి లెక్క చెప్పి సూటిగా అడగండి. తర్వాత ఇంట్లో కూర్చుని కాగితం మీద లెక్క వెయ్యండి, జీతం ఎంత, రూముకీ తిండికీ పోయేది ఎంత, మిగిలేది ఎంత అని. ఈ లెక్క వెయ్యకుండా వచ్చినవాళ్ళే పింఛను ఆగుతుందేమో అన్న పుకారు వినపడగానే ఉద్యోగం మానేసి ఇంటికి పోతారు.

మూడో పని, సరైన సంస్థని పట్టుకోవడం

హైదరాబాద్ లోనే మొదలైన యూత్ ఫర్ జాబ్స్ ఉంది, 2012లో మీరా షెనాయ్ గారు పెట్టారు, ఆవిడ అంతకుముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో పల్లెటూరి యువతకి ఉద్యోగాలిప్పించే ప్రభుత్వ మిషన్ ని నడిపారు. వాళ్ళదే స్వరాజ్ఎబిలిటీ అని వికలాంగుల కోసం జాబ్ పోర్టల్ కూడా ఉంది. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1996 నుంచి ఉంది, అందులో వికలాంగులకి విడిగా గ్రో అనే ట్రైనింగ్ నడుస్తుంది. ప్రభుత్వం వైపు నుంచైతే విద్యానగర్ ఏటీఐ క్యాంపస్ లో కేంద్ర కార్మిక శాఖ సెంటర్ ఉంది, పాతవాళ్ళు వీఆర్సీ అంటారు, ఇప్పుడు దాని పేరు నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్. చూపు సమస్య ఉన్నవాళ్ళు బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రిలో రీహాబిలిటేషన్ విభాగాన్ని అడగండి, మందులతో పని అయిపోయాక కూడా బతుకు ఎలా నడుపుకోవాలో అక్కడ నేర్పుతారు. మానసిక ఎదుగుదల సమస్య ఉన్న పిల్లలకైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది.

ఏ సంస్థకి ఫోన్ చేసినా పేరు చూసి నమ్మకుండా నాలుగు విషయాలు అడగండి. డబ్బులేమన్నా కట్టాలా? మంచి ఎన్జీవో ట్రైనింగ్ కి గానీ ఉద్యోగానికి గానీ మీ దగ్గర డిపాజిట్ తీసుకోదు. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫామ్ ఫీజు, ఆఫర్ లెటర్ ఫీజు అని ఎవరన్నా ఫోన్ పే చెయ్యమంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యండి, వికలాంగులని చూసి మోసం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. హాస్టల్ ఎక్కడ, ఎన్నో అంతస్తు, బాత్రూం ఎలాంటిది? ట్రైనర్ కి సైన్ లాంగ్వేజ్ వచ్చా? చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం, పోయిన బ్యాచ్ లో ఉద్యోగం వచ్చినవాళ్ళల్లో ఇప్పటికీ ఎంతమంది చేస్తున్నారు? ప్లేస్మెంట్ ఎంతమందికి వచ్చిందో అందరూ చెప్తారు, ఎంతమంది మిగిలారో అడిగితేనే తెలుస్తుంది. వాళ్ళల్లో ఒకరిద్దరితో మాట్లాడించమనండి.

నాలుగో పని, ట్రైనింగ్ ని వాడుకోవడం

మామూలుగా నెలన్నర నుంచి రెండు నెలలు ఉంటుంది. కంప్యూటర్, కొంచెం ఇంగ్లీషు, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి ఎలా మాట్లాడాలి, షాపుల్లో ఐతే బిల్లింగ్, స్టాక్ సర్దడం ఇవన్నీ. ఇవి ఎవరైనా చెప్తారు, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వినపడని పిల్లల గురించి.

ఊళ్ళల్లో వినపడని పిల్లలు చాలామందికి సైన్ లాంగ్వేజ్ రాదు. ఇంట్లో అమ్మకి అర్థమయ్యే పది పదిహేను సైగలు ఉంటాయి, అన్నం, నీళ్ళు, నాన్న మీసం, గేదె కొమ్ము, అంతే. నల్గొండ వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, ఇంటర్ పాసైంది గానీ క్లాసులో బోర్డు మీదున్నది చూసి రాసుకుంటూ పాసైంది, పక్కనమ్మాయితో ఒక్క వాక్యం మాట్లాడింది లేదు. మొదటి వారం మూల బెంచీలో కూర్చుని అందరి చేతుల వైపు చూస్తూ ఉండేది. మా సైన్ ట్రైనర్ కి కూడా వినపడదు, ఆయన రోజూ భోజనాల టైంలో ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని పళ్ళెంలో ఉన్న ఒక్కోదానికీ సైగ చూపించేవాడు, పప్పు, కారం, మజ్జిగ. మూడో వారంలో ఒకరోజు ఆ అమ్మాయి నన్ను ఆపి చేతులతో గబగబా ఏదో చెప్పింది, నాకు అంత స్పీడ్ అర్థం కాలేదు, ట్రైనర్ విడమరిచి చెప్పాడు, "నిన్న మా హాస్టల్ లో కరెంటు పోతే అందరం మేడ మీద పడుకున్నాం, చాలా సేపు మాట్లాడుకున్నాం" అంటోంది. ఇరవై ఏళ్ళ మనిషికి నిన్న ఏం జరిగిందో ఇంకొకళ్ళకి చెప్పడం అదే మొదటిసారి అయ్యుంటుంది. నేను బయటికెళ్ళి కాసేపు నిలబడాల్సి వచ్చింది.

అందుకే మీ ఇంట్లో వినపడని వాళ్ళుంటే ట్రైనింగ్ దాకా ఆగకండి, ఇవాళే మొదలుపెట్టండి. ఢిల్లీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఇండియన్ సైన్ లాంగ్వేజ్ సంస్థ పదివేల పదాల డిక్షనరీ వీడియోలు చేసింది, యూట్యూబ్ లో దొరుకుతాయి. ఇంట్లోవాళ్ళు కూడా కలిసి నేర్చుకోండి, మీకు రాకపోతే పిల్లలు సెలవులకి ఇంటికొచ్చి మళ్ళీ అదే పది సైగల దగ్గరికి పోతారు. అలాగే మూగోడు, కుంటిది, గుడ్డోడు అని పిలవడం ఇంట్లోనే ఆపండి, ప్రేమగా పిలిచినా సరే. వాళ్ళకి పేరుంది.

చూపు లేనివాళ్ళకి స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించేవి ఉన్నాయి, కంప్యూటర్ లో ఎన్వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్ లో టాక్ బ్యాక్, రెండూ ఫ్రీ. టాక్ బ్యాక్ ఇప్పటికే మీ ఫోన్ సెట్టింగ్స్ లో ఉంటుంది, ఆన్ చేసి ఇచ్చెయ్యండి, నాలుగు రోజులు తడబడతారు తర్వాత మీకంటే స్పీడ్ గా వాడతారు. తెల్లకర్ర పట్టుకుని ఒంటరిగా బస్సెక్కడం కూడా ట్రైనింగ్ లో భాగమే, ఆ రోజు మీరు వెంట వెళ్ళకండి.

ఐదో పని, ఇంటర్వ్యూ, జీతం

వైకల్యం దాచొద్దు. దాని గురించి కథ కూడా చెప్పొద్దు, రెండు ముక్కల్లో పనికొచ్చేది చెప్పాలి: నాకు వినపడదు, పని రాసిస్తే లేదా వాట్సాప్ చేస్తే చేస్తాను. నాకు ఎడమ కాలు బలం తక్కువ, కూర్చుని చేసే పని ఎంతసేపైనా చేస్తాను, గంటలకొద్దీ నిలబడలేను. ఇంతే. ఇది ఇంట్లో అద్దం ముందు పదిసార్లు చెప్పించండి. వినపడని వాళ్ళ ఇంటర్వ్యూకి సైన్ తెలిసిన మనిషిని పంపమని ఎన్జీవోని ముందే అడగాలి, అమ్మానాన్న దుబాసీగా వెళ్తే సమాధానాలు వాళ్ళే చెప్పేస్తారు.

జీతం దగ్గర చేతికెంత అని అడగండి. ఉదాహరణకి మొత్తం 15,000, అందులో బేసిక్ 12,000 అనుకుందాం. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం అంటే 1,440 కట్ అవుతుంది, ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమాకి, మొత్తం మీద ముప్పావు శాతం అంటే 113, చేతికి వచ్చేది 13,447. కోతలు చూసి మోసం చేశారు అని గొడవపడి మానేసినవాళ్ళున్నారు, పీఎఫ్ మీ పిల్లల డబ్బే, కంపెనీ కూడా దానికి తన వాటా కడుతుంది, ఎక్కడికీ పోదు. ఈఎస్ఐ ఐతే మామూలుగా 21,000 జీతం దాకే వర్తిస్తుంది, వికలాంగులకి మాత్రం 25,000 దాకా ఉంది, ఇది కొంతమంది హెచ్ఆర్ వాళ్ళకే తెలియదు, మీరు గుర్తు చెయ్యండి. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా ఇంట్లో స్వీట్లు పంచొద్దు.

ఆరో పని, జాయిన్ అయ్యే ముందు చోటు చూసి రావడం

దీన్ని ఎవరూ చెయ్యరు, మీరు చెయ్యండి. ఒకసారి మేం పోలియో ఉన్న ఇద్దరు అబ్బాయిల్ని ఒక కంపెనీలో పెట్టాం, పని కూర్చుని చేసేదే, మేనేజర్ మంచోడు, అన్నీ బాగున్నాయి. కంపెనీ ఇచ్చిన రూము మాత్రం మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. రోజూ కాలికి ఆసరాగా కట్టుకునే క్యాలిపర్ వేసుకుని అన్ని మెట్లు ఎక్కి దిగి పన్నెండు రోజులు చేశారు, పదమూడో రోజు ఇద్దరూ బ్యాగులు సర్దుకున్నారు. ఒక్కరోజు ముందు ఎవరన్నా వెళ్ళి చూసుంటే కింద అంతస్తు అడిగేవాళ్ళం. ఆ తప్పు మాది.

కాబట్టి పని చేసే చోటు, బాత్రూం, రూము, రూము నుంచి పని దాకా దారి, బస్సు మెట్టు ఎత్తు, ఇవన్నీ ఆ మనిషితో కలిసి ఒకసారి నడిచి చూడండి. ఇబ్బంది ఉన్నచోట హెచ్ఆర్ ని అడగండి, ఇది దయ కింద అడిగేది కాదు. 2016 చట్టం ప్రకారం ప్రతి సంస్థా వికలాంగుల కోసం సమాన అవకాశాల పాలసీ రాసి పెట్టాలి, 20 మంది, ఆ పైన పనిచేసే ప్రైవేటు సంస్థ ఐతే ఏమేం సౌకర్యాలు ఇస్తుందో అందులో ఉండాలి, చూసుకోడానికి లైజన్ ఆఫీసర్ ఉండాలి. మీ పాలసీ ఒకసారి చూపిస్తారా అని మర్యాదగా అడిగితే చాలా పనులు అక్కడే అయిపోతాయి. అవ్వకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు, అక్కడికి రాతపూర్వకంగా పెట్టండి. అడిగేవి కూడా పెద్ద ఖర్చువి కావు, ఒక స్టూలు, వాట్సాప్ గ్రూపు, బిల్డింగ్ లో అలారం మోగితే వినపడని వాళ్ళని తట్టి చెప్పే ఒక మనిషి.

ఏడో పని, ఆ మూడు నెలలు

పని రాక మానేసినవాళ్ళు చాలా తక్కువ. హాస్టల్ తిండి పడక, రూములో మాట్లాడే తోడు లేక, మంచి సూపర్వైజర్ బదిలీ అయ్యి కొత్తాయన అరిచి, దసరాకి ఇంటికెళ్ళి అమ్మ ఏడిస్తే ఉండిపోయి, ఇలాగే మానేస్తారు. నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే మొదటి రోజు రాత్రి ఫోన్, వారం తర్వాత ఫోన్, మొదటి జీతం పడ్డ రోజు ఫోన్, మొదటి పండక్కి ఇంటికెళ్తే తిరిగి బస్సెక్కేదాకా ఫోన్. వినపడని వాళ్ళకైతే వీడియో కాల్ చేస్తే మొహం కనపడుతుంది, మెసేజ్ లో బాగున్నా అనే పెడతారు. బాగున్నావా అని కాకుండా నిన్న రాత్రి ఏం తిన్నావ్, ఎవరితో కలిసి తిన్నావ్ అని అడగండి. ఒక్కడే తిన్నాడంటే ఆ ఆదివారం మీరో ఎన్జీవో వాళ్ళో ఒకసారి వెళ్ళి రండి.

కుదిరితే ఒకే చోట ఇద్దరు ముగ్గురిని కలిపి పెట్టమని ఎన్జీవోని అడగండి. పనిచేసే చోట కూడా పది సైగలు నేర్పమనండి, గుడ్ మార్నింగ్, టీ, అర్జెంట్, బాగా చేశావ్, రేపు సెలవు. లెమన్ ట్రీ లాంటి హోటళ్ళలో చాలా ఏళ్ళ నుంచి వినపడని వాళ్ళు పని చేస్తున్నారు, అక్కడ మిగతా స్టాఫ్ కూడా సైగలు నేర్చుకుంటారు. మొదటి జీతం మొత్తం ఇంటికి పంపించుకోవద్దు, కొంత వాళ్ళ చేతిలోనే ఉంచండి, వాళ్ళకి నచ్చింది ఏదో ఒకటి కొనుక్కోనివ్వండి, ఆ నల్గొండ అమ్మాయి మొదటి జీతంతో గోడ గడియారం కొని అమ్మకి పంపింది, ఎందుకో నేనూ అడగలేదు. ఈ మూడు నెలల్లోనే యూఏఎన్, అంటే పీఎఫ్ నంబర్, యాక్టివేట్ చేయించండి, ఈఎస్ఐ కార్డు తీసుకోండి, ఆర్టీసీ రాయితీ పాస్ చేయించండి, ప్రతినెలా పేస్లిప్ ఫోన్ లో దాచుకోమనండి, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది కాబట్టి చదివే ఆసక్తి ఉంటే ఈ జీతం మీదే కోచింగ్ కి కట్టుకోవచ్చు.

మానేసి వచ్చేస్తే

తిట్టొద్దు. చూశావా నీ వల్ల కాదని ముందే చెప్పా అనొద్దు. రెండు మూడు రోజులు ఆగి ఎక్కడ ఇబ్బంది అయిందో అడగండి, పనా, రూమా, మనుషులా. సమాధానం వచ్చాక అదే ఎన్జీవోకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, సిగ్గుపడి నంబర్ బ్లాక్ చెయ్యకండి, మంచి సంస్థ ఐతే రెండోసారి కూడా పంపిస్తుంది. మెట్ల వల్ల వచ్చేసిన ఆ ఇద్దరిలో ఒకబ్బాయి ఇంటికెళ్ళి నాలుగు నెలలు ఉన్నాడు, సంక్రాంతి అయ్యాక వాళ్ళ అక్క ఫోన్ చేసింది, ఈసారి రూము ముందు మేమే చూసొచ్చాం, కింద అంతస్తు, పని నుంచి అయిదు నిమిషాల నడక. రెండేళ్ళు దాటింది, ఇంకా అక్కడే చేస్తున్నాడు, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి రూములు వెతికిపెట్టేది కూడా అతనే.